గొలుసు గ్లాసు

కైరో పాతబస్తీలో రెండు సందులు కలిసే మూల
అర్ధచంద్రంలా ముందుకు పొంగిన పాలరాతి గోడ.
మూడు కిటికీలు, మూడింటికీ ఇత్తడి జాలీ.
ఒకప్పటి చలివేంద్రం.
టికెట్టుకి నోటిస్తే, చిల్లర లేదన్నాడు కాపలాదారు షౌకీ.
నాకు కావలసింది నీళ్ళు కాదు, చరిత్ర
అని మనసులో గొప్పగా అనుకున్నాను గానీ
అప్పటికే నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది.

లోపల చల్లగా ఉంది. తడి లేని చల్లదనం.
షౌకీ టార్చి వేసి నేల మధ్య రాతిమూత జరిపాడు.
కింద, ఇల్లంత లోతున, నీటి కొట్టు.
వరద నెలల్లో నైలు నీళ్ళని
ఒంటెల మీద, తోలుతిత్తుల్లో తెచ్చి నింపేవాళ్ళట.
మోసినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.
బావి అంచున తాళ్ళు మాత్రం రాసుకున్నాయి:
వేలు పట్టేంత గాడులు, పదకొండు.

"దీన్ని కట్టించినావిడ షరతులు పెట్టింది," అన్నాడు షౌకీ.
"నీళ్ళిచ్చేవాడు కోపిష్టి కాకూడదు.
నోరు కంపు కొట్టకూడదు.
దాహంతో వచ్చినవాణ్ణి ఒక్క ప్రశ్న తప్ప
ఇంకేమీ అడగకూడదు."
ఏమిటా ప్రశ్న?
"ఇంకా కావాలా?"

పై అంతస్తులో బడి నడిచేదట, తండ్రి లేని పిల్లలకి.
వాళ్ళ వల్లెవేతలు దూలాల సందుల్లోంచి జారి
కింద తాగేవాళ్ళ నెత్తిన పడేవేమో.
ఇప్పుడు పావురాలు.
ఎన్నేళ్ళు చదివినా ఒకటే అక్షరం.

జాలీని తడిమి చూశాను.
అంతా చిలుము, నలుపు.
రొమ్ము ఎత్తున ఒక్కచోట ఇత్తడి పచ్చగా మెరుస్తోంది,
చేయి దూరే రంధ్రం చుట్టూ.
దానికి మూరెడు కింద ఇంకో మెరుపు, చిన్నది:
అందని పిల్లలు పట్టుకు వేలాడిన చోటు.
గొలుసు తెగి మూడు లంకెలు మిగిలాయి.
గిన్నె ఏ మ్యూజియంలో ఉందో షౌకీకి తెలీదు.
"ఉన్నా, దాంతో తాగనివ్వరు కదా," అన్నాడు.

బయట మిట్టమధ్యాహ్నం.
నా మొహం చూసి, ఏమీ అనకుండా
వీధి అవతలికి వేలు చాచాడు.

బెల్టులు కుట్టే దుకాణం పక్కన, గోడకి చేరబడి
స్టీలు కూలర్ ఒకటి
చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ మూలుగుతోంది.
దానికో గొలుసు. గొలుసుకి సొట్టలు పడ్డ అల్యూమినియం గ్లాసు.
పైన నీలిరంగుతో చేత్తో రాసిన నాలుగు మాటలు.
రొట్టెల పలక నెత్తిన పెట్టుకుని సైకిల్ మీద వచ్చిన కుర్రాడు
ఒక కాలు నేలకి ఆన్చి, గ్లాసెడు తాగి, వెళ్ళిపోయాడు.
తల వెనక్కి వంచకుండా ఎలా తాగాడో
నాకిప్పటికీ అర్థం కాలేదు.

తర్వాత నేను.
ఒకటి. రెండు. మూడోది సగం చొక్కా మీద.
ఏ శతాబ్దపు రుచీ లేదు ఆ నీళ్ళకి.
కొంచెం క్లోరిన్, కొంచెం తుప్పు,
పళ్ళు జివ్వుమనే చలి.

ఏం రాశారు అక్కడ, అన్నాను.
షౌకీ కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు:
ఇంతిసార్. లుత్ఫీ తల్లి.
తాగినవాళ్ళు ఆమె కోసం ఒక ప్రార్థన.

నాకా ప్రార్థన రాదు.
అప్పు పడ్డవాడిలా నిలబడ్డాను, గ్లాసు చేతిలో,
వెనక ఇంకెవరో దాహంతో ఎదురుచూస్తుండగా.
దుకాణంలో సూది పంట పట్టుకున్న మనిషి తలెత్తాడు.
లుత్ఫీ అతనే. దీని కరెంటు బిల్లు కట్టేదీ అతనే.

వెతక్కుండానే నోటికొచ్చింది,
మా ఊళ్ళో మజ్జిగ తాగిన ప్రతివాడూ
మూతి తుడుచుకుంటూ అనే మాట:
"నీ కడుపు చల్లగుండ, తల్లీ."

పోయిన మనిషికి కడుపెక్కడిది అనుకునేలోపు
ఆ కడుపే నా ఎదుట కూర్చుని
తోలుకి దారం ఎక్కిస్తోంది.

నా మాట అతనికి తెలీదు.
గుండె మీద ఒకసారి చెయ్యి పెట్టుకుని,
సూదితోనే కూలర్ వైపు చూపించి
కనుబొమలెగరేశాడు.

చాలు, చాలు, అని తల ఊపి
వెనకున్న ముసలామెకి గ్లాసు అందించబోయాను.
గొలుసు చాల్లేదు.
ఇద్దరం చెరో అడుగు
దగ్గరికి జరిగాం.